విజయనగరం పాత మేడలో గృహాలంకరణ షోరూము: సరుకు కన్నా ముందు గోడలు చూడండి

విజయనగరంలో గంటస్తంభం నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, ఒక పాత వీధి మలుపులో, నూరేళ్ళు పైబడిన మేడ ఒకటి చాలాకాలం తాళం పడి ఉండేది. ఆ వీధివాళ్ళు దాన్ని ప్లీడరు గారి మేడ అంటారు. వారసులు తలో ఊరిలో స్థిరపడిపోవడంతో అరుగు మీద రావిమొక్కలు మొలిచి, కిటికీ రెక్కలు ఊడి, ఇక ఇవాళో రేపో పడగొట్టి అపార్టుమెంటు లేపుతారనే అందరం అనుకున్నాం. అలా జరగలేదు. ఇళ్ళకు లోపలి అలంకరణ పనులు చేసే ఒక సంస్థ దాన్ని దీర్ఘకాలపు అద్దెకు తీసుకుని, రెండేళ్ళకు పైగా బాగుచేయించి, తమ షోరూముగా తెరిచింది. నేను ఈ ఏడాది అక్కడికి మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి మా అమ్మతో కలిసి తలుపు తెరలు కొనడానికి, రెండోసారి మా ఊరి ఇంటి ఫొటోలు పట్టుకుని సలహా కోసం, మూడోసారి వాళ్ళు గీసి ఇచ్చిన నమూనాను సరిచేయించుకోవడానికి. మంచీ చెడూ రెండూ రాస్తున్నాను కనుక సంస్థ పేరు రాయడం లేదు. ఆ వీధిలో ఎవరిని అడిగినా మేడ చూపిస్తారు.

నేను దేన్ని బట్టి మంచిచెడ్డలు ఎంచుతున్నానో ముందే చెప్పడం న్యాయం. చీపురుపల్లి వైపు మా ఊళ్ళో మా తాతగారు కట్టించిన మండువా ఇల్లు, అంటే నడిమధ్య ఆకాశానికి తెరిచి ఉండే ఇల్లు ఉంది. 2011లో ఇంట్లో పెళ్ళి పెట్టుకుని, గోడల అడుగు భాగం పెచ్చులు ఊడుతున్నదని నడుము ఎత్తు వరకు సిమెంటు పూత పూయించాం. పెళ్ళికి ఇల్లు చక్కగానే కనిపించింది. నాలుగైదు వానాకాలాలు గడిచేసరికి ఆ సిమెంటు పూతకు సరిగ్గా పైన, అంతవరకు చెక్కు చెదరకుండా ఉన్న సున్నపు గోడ ఉబ్బి, తెల్లటి ఉప్పు పూసి, వేలితో గీరితే ఇటుక పొడిపొడిగా రాలడం మొదలైంది. మళ్ళీ సిమెంటు పూశాం, మళ్ళీ రంగు వేశాం. ఆ ఇంటికి మేం చేతులారా చేసిన కీడు ఇదని తెలియడానికి మాకు పదేళ్ళు పట్టింది. అందుకే ఎక్కడ పాత ఇల్లు బాగుచేశారని విన్నా, నేను తలుపుల నగిషీ కన్నా ముందు గోడ అడుగు భాగం చూస్తాను.

ఈ మేడలో గోడ అడుగు భాగం బాగుంది. ఈ సమీక్షలో నేను చెప్పదలచుకున్న దానిలో సగం ఆ ఒక్క మాటలోనే ఉంది.

వీధి అరుగులను వాళ్ళు కదపలేదు. రెండు అరుగుల నడుమ మూడు రాతి మెట్లు, వాటి పైన మనిషి అడుగుల ఒరిపిడికి మధ్యలో కాస్త లోతుపడిన మండిగం (గడప) అలాగే ఉన్నాయి. కొత్తగా షోరూము తెరిచేవాళ్ళు ఎవరైనా ముందుగా తీసేసేవి ఇవే, ఎందుకంటే అద్దాల ముఖద్వారం పెట్టాలంటే అరుగు అడ్డం. ఇక్కడ ఎడమ అరుగు మీద ఇద్దరు ముసలివాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటుంటే, కాపలా మనిషి వాళ్ళను లేపకపోవడం నాకు చాలా నచ్చింది. మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ ఎవరో ఒకరు ఆ అరుగు మీద ఉన్నారు.

ఈ ఊరి పాత ఇళ్ళను ఊరితో కలిపి చూడాలి. కోట 1713 నాటిది. కోట లోపలి మోతీమహల్ 1869లో కట్టింది. ఎనిమిది ముఖాల గంటస్తంభం 1885లో లేచింది. సంస్థానం కొలువులు, కోర్టులు, కాలేజీ, ఆ తరవాత 1919లో సంగీత కళాశాల, ఇన్ని ఉన్న ఊరిలో వీటి చుట్టూ మండువాలూ మేడలూ పెరగడంలో వింత లేదు. పెద్ద కట్టడాలకు ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరి పట్టింపు ఉంటుంది. గురజాడ అప్పారావు గారి ఇల్లు ఆయన స్మారకంగా నిలబడింది కనుక ఆ కాలపు ఇల్లు ఎలా ఉండేదో ఇవాళ్టి పిల్లలు లోపలికి వెళ్ళి చూడగలుగుతున్నారు. అంతటి పేరు లేని మనుషులు కట్టుకున్న ఇళ్ళకు ఆ భాగ్యం లేదు. వాటిని ఎవరో ఒకరు వాడుకుంటేనే అవి బతుకుతాయి. పాత కట్టడాల పరిరక్షణకు ప్రపంచమంతా ప్రమాణంగా చూసే 1964 నాటి వెనిస్ ప్రకటన కూడా ఈ మాటే చెబుతుంది. కట్టడాన్ని సమాజానికి ఉపయోగపడే పనికి వాడుకుంటే దాని రక్షణ సులువవుతుందనీ, అయితే ఆ వాడకం కోసం కట్టడపు అమరికను మార్చకూడదనీ అందులో ఉంది. ఈ షోరూమును నేను తూచింది ఆ రెండో షరతుతోనే.

లోపలికి వెళ్ళగానే సావిడి, సావిడి దాటితే మండువా. ఎడమవైపు గదికి వెళ్ళే దారిలో గోడను ఒకచోట మూరెడు పొడవున, జానెడు వెడల్పున కావాలనే తెరిచి ఉంచి, చుట్టూ టేకు చట్రం బిగించారు. నేను ఎక్కువసేపు నిలబడింది ఇక్కడే. ఎడమ చివర ఉత్త ఇటుక కనిపిస్తుంది. ఇవాళ్టి ఇటుక కన్నా పలుచన, అంచులు కాస్త గుండ్రం, రంగు బాగా కాలిన ఎరుపు. అక్కడి నుంచి కుడికి పూతలు ఒకదాని మీద ఒకటి మెట్లలా వస్తాయి. మొదట ముతక ఇసుక, ఇటుక పొడి కలిపిన ఎర్రటి సున్నం, దాని మీద సన్న ఇసుక సున్నం, ఆ పైన తెల్లటి గుల్ల సున్నం, అన్నిటికన్నా పైన గోరంత మందం కూడా లేని మెరుగు పూత. ఆ మెరుగును నేను అరచేత్తో తాకాను. ఎండలో ఆటో దిగి వచ్చిన చేతికి అది చలువరాయిలా చల్లగా తగిలింది. నా చేతి చెమట మరక దాని మీద పడి, చూస్తుండగానే లోపలికి ఇంకిపోయింది. నూనె రంగు వేసిన గోడ మీద ఆ మరక గుడ్డతో తుడిచేదాకా పోదు. చట్రంలో కుడి చివర, ఎప్పుడో మరమ్మతులో పూసిన సిమెంటు ముక్కను అలాగే ఉంచేశారు. దాని అంచు చుట్టూ ఉప్పు పేలాల్లా పొంగి ఉంది. మా ఊరి గోడకు వచ్చిన జబ్బు అచ్చంగా ఇదే.

ఇందులో మాయ ఏమీ లేదు. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పోయి కాల్చిన సున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే అది కుతకుతమని ఉడికి వెన్నలా అవుతుంది. గోడకు పూశాక గాలిలోని ఆ వాయువునే నెలల తరబడి, ఏళ్ళ తరబడి తిరిగి పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. ఆ రాయిలో సన్నటి రంధ్రాలు ఉంటాయి కనుక, పునాది నుంచి ఇటుకలోకి ఎక్కిన చెమ్మ ఆ రంధ్రాల గుండా బయటికి ఆరిపోతుంది. సిమెంటు పూత దిట్టంగా ఉండి ఆ దారి మూసేస్తుంది. బయటికి రాలేని చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది. దానితో వచ్చిన ఉప్పు ఇటుకలోనే గట్టిపడి ఇటుక ముఖాన్ని పగలగొడుతుంది. పాత ఇటుక మెత్తన, సిమెంటు గట్టిది, రెండూ కలిసిన చోట ఓడిపోయేది ఇటుకే. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పాత ఇల్లు ఉన్న ప్రతి కుటుంబానికీ తెలియవలసిన సంగతి ఇది. ఆ గోడ ముందు నిలబడితే పది నిమిషాల్లో తెలుస్తుంది.

పని చేసిన తాపీ మేస్త్రి నా రెండో రాకలో అక్కడే ఉన్నారు. పెరటి వైపు నూతి గట్టుకు చిన్న మరమ్మతు చేస్తున్నారు. డెబ్బై దాటిన మనిషి. నా ఫోనులో మా ఇంటి గోడ ఫొటోలు చూపించి, “ఏం చెయ్యమంటారు మేస్త్రీ గారూ?” అని అడిగాను. ఆయన ఫొటోను పెద్దది చేసి చూసి, “సిమెంటు పూసినోడిని తిట్టకండమ్మా, ఆడికి తెలిసింది ఆడు సేసాడు. గోడకి ఊపిరాడట్లేదు, అదే రోగం. ఆ సిమెంటంతా మెల్లగా ఊడదీయించి, ఓ ఏసంకాలం గోడని ఎండనివ్వండి. తడి ఆరకుండా సున్నం పూత్తే అదీ నిలవదు” అన్నారు. తొందరపెట్టి పని ఒప్పుకోలేదు. సున్నం ఎన్నాళ్ళు నానబెట్టాలని అడిగితే, “ఎంత నానితే అంత మంచిది, నెల్లాళ్ళకి తక్కువైతే నన్ను పిలవకండి” అన్నారు. ఈ మేడకు పూసిన సున్నాన్ని పెరట్లోనే గోతిలో నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగ పట్టించారట. కలపడానికి కరక్కాయ నానవేసిన నీళ్ళు, బెల్లం నీళ్ళు వాడారట. మెరుగు పూతకు కోడిగుడ్డు తెల్లసొన కలిపి నున్నటి గులకరాయితో రుద్దారట. ఆయన చేతి మీద సున్నం తిన్న మచ్చలు చూశాను కనుక ఈ మాటలు అమ్మకానికి చెప్పినవి కావని నాకు నమ్మకం కలిగింది.

వడ్రంగం పని గోడ పనికి ఏమాత్రం తీసిపోదు. మండువా చుట్టూ పన్నెండు టేకు స్తంభాలు ఉన్నాయి. మన తీరం నుంచి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళేవాళ్ళు, రంగం నుంచి టేకు తెచ్చేవాళ్ళు ఉన్న కాలపు ఇల్లు ఇది. దూలాలు కూడా బర్మా టేకువే అని వడ్రంగి చెప్పారు. నాలుగు స్తంభాల అడుగు భాగం చెదలు తిని గుల్లబారిందట. మొత్తం స్తంభం మార్చేయడం సులువు, ఖర్చు కూడా తక్కువే కావచ్చు. వీళ్ళు అలా చేయలేదు. పాడైన అడుగును మోకాలి ఎత్తున కోసి, అక్కడ కొత్త టేకు ముక్కను కుసి, బెజ్జం పద్ధతిలో, అంటే ఒకదాని కొనను రెండోదాని రంధ్రంలోకి దించి, ఏటవాలుగా అతికి, ఇనప మేకు లేకుండా చెక్క మేకులతోనే బిగించారు. మా అమ్మ ఆ అతుకు మీద గోటితో గీసి చూసింది. ఎక్కడా గోరు తట్టుకోలేదు. కొత్త ముక్కకు రంగు పులిమి పాతదిలా చూపించే ప్రయత్నం చేయలేదు. అది కొంచెం లేత రంగులో, అది ఎవరో వేరే కాలపు మనిషి చేసినదని తెలిసేలాగే ఉంది. పైగా అతుకు పక్కన చిన్న ఇత్తడి బిళ్ళ మీద మరమ్మతు చేసిన ఏడాది చెక్కారు. తెలియకుండా దాచే మరమ్మతు కన్నా ఇలా ఒప్పుకునే మరమ్మతుకే నేను దండం పెడతాను.

మేడ మీది గది కప్పు మద్రాసు మిద్దె. దూలాల మీద సన్నటి ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరసల్లో సున్నంతో పేర్చి, దాని మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పరిచి, రోజుల తరబడి కర్రలతో కొట్టి గట్టిపరిచి, పైన పలక పెంకులు వేసే పద్ధతి అది. ఆ కప్పు కింద తల ఎత్తి చూస్తూ మా అమ్మ ఒక్కసారిగా చిన్నపిల్ల అయిపోయింది. “మా ఇంటికి మిద్దె వేసినప్పుడు పాతికమంది ఆడవాళ్ళు వరసగా కూచుని పాటలు పాడుతూ కొట్టారే. బెల్లం నీళ్ళ బానలో వేళ్ళు ముంచి నాకితే వగరు! కరక్కాయ నీళ్ళు అందులోనే పోశారు మరి” అంది. వెనక వైపు వసారాకు బెంగళూరు పెంకులు. మనవాళ్ళు బెంగళూరు పెంకులు అంటారు గాని, ఆ పెంకుల ఫ్యాక్టరీని బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో మొదలుపెట్టింది మంగుళూరులో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ వసారా పెంకులను చాలావరకు ఎత్తుకుపోయిందనీ, ఇప్పుడున్నవి పడగొట్టిన ఇళ్ళ దగ్గర ఏరి తెచ్చి, ఒక్కొక్కటీ తట్టి మోత విని ఎంచుకున్నవనీ చెప్పారు. పెంకుల కింద తీగతో కట్టి ఉంచిన వరసలు కూడా చూపించారు. మళ్ళీ అంతటి గాలి వస్తే ఏమవుతుందన్న భయం మన జిల్లాల్లో ఎవరికైనా ఉంటుంది కనుక, ఆ తీగ కట్టు నాకు అలంకారం కన్నా విలువైనదిగా తోచింది.

నాకు నచ్చనిది మండువా. పైన ఆకాశానికి తెరిచి ఉండవలసిన చోట తెల్లటి ప్లాస్టిక్ రేకు కప్పేశారు. లోపల పరుపులూ గుడ్డలూ సోఫాలూ ఉన్నాయి కనుక వాన పడనివ్వలేరు, ఆ ఇబ్బంది నేను ఒప్పుకుంటాను. అయితే మండువా అంటే వెలుతురు కోసం చేసిన కన్నం మాత్రమే కాదు. వేడెక్కిన గాలి దానిలోంచి పైకి పోతుంటే గదుల్లోంచి, వీధి గుమ్మంలోంచి, పెరటి గుమ్మంలోంచి చల్లగాలి లోపలికి లాగబడుతుంది. ఇల్లు మొత్తం ఆ ఒక్క దారిన ఊపిరి తీసుకుంటుంది. రేకు కింద మధ్యాహ్నం పన్నెండు గంటలకు నిలబడితే ఉక్కపోతతో చీర వీపుకు అంటుకుపోయింది. దాన్ని తట్టుకోలేక రెండు గదులకు అద్దాలు బిగించి ఏసీలు పెట్టారు. గోడకు ఊపిరాడాలని అంత శ్రమపడినవాళ్ళు ఇంటి ఊపిరికి మూత పెట్టడం నాకు బాధ కలిగించింది. రేకును కప్పు అంచు కన్నా ఒక మూర ఎత్తున లేపి, నాలుగువైపులా గాలి పోయేలా జాలీ వదిలితే వానా పడదు, వేడీ నిలవదు. ఈ మాట మేనేజరుకు చెప్పాను. రాసుకున్నారు. మూడోసారి వెళ్ళేసరికి మార్పు ఏమీ కనిపించలేదు.

ఆ రేకును బోల్టులతో బిగించారు తప్ప గోడలో దిమ్మ కట్టలేదు కనుక, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయవచ్చు. ఈ మేడలో కొత్తగా చేసినవన్నీ ఇలాగే ఉన్నాయి. కరెంటు తీగలకు గోడ తొలచకుండా, పాతకాలంలో చెక్క బద్ద మీద తీగ లాగినట్టు ఇత్తడి గొట్టాల్లో గోడ మీదుగానే నడిపారు. గోడకు అతికించే కాగితం నమూనాలను సున్నపు గోడకు అతికించలేదు. చెక్క చట్రాలకు కాగితాన్ని బిగించి, ఆ చట్రాలను గోడకు రెండు వేళ్ళ దూరంలో వేలాడదీశారు. గోడకూ కాగితానికీ నడుమ నా వేళ్ళు పెట్టి చూశాను, గాలి తగిలింది. రేపు ఈ సంస్థ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినా ఇంటి ఒంటి మీద గాటు ఉండదు. గదుల అమరిక మార్చకపోవడం, తీసేయగలిగేలా చేర్చడం, ఈ రెండిటిలో నేను వీళ్ళకు పూర్తి మార్కులు వేస్తాను.

ఇక సరుకు సంగతి. ఇక్కడ నా మెప్పు తగ్గుతుంది.

బుడితి నుంచి తెచ్చిన ఇత్తడి, కంచు సామాను చక్కగా ఉంది. శ్రీకాకుళం జిల్లా బుడితి కళాకారుల చేతిపనిని ఒక వేలాడే దీపపు సెమ్మెలో ఇంత హుందాగా చూపించడం సంతోషం. నేను చిన్న సెమ్మె ఒకటి కొన్నాను, అడుగున సుత్తి గుర్తులు చేతికి తెలుస్తున్నాయి. ఏటికొప్పాక లక్క పనిని పరదా కమ్మీల చివర బొడిపెలుగా వాడటం కూడా తెలివైన ఆలోచన. తెరల దగ్గరే చిక్కు వచ్చింది. ఒక అల్మరా మీద “పొందూరు” అని రాసి ఉంది. పొందూరు ఖద్దరు అంటే కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి, చేత్తో వడికి, చేతి మగ్గం మీద నేసినది. దాన్ని వేళ్ళ మధ్య నలిపితే నూలు ఒకచోట సన్నగా, ఒకచోట బొద్దుగా తగులుతుంది. ఆ అల్మరాలోని గుడ్డ అంతా ఒకే తీరున జారిపోయింది. రెండుసార్లు అడిగాక, అది మిల్లు గుడ్డేననీ, పొందూరు రంగులను చూసి అలా పేరు పెట్టామనీ అమ్మే అమ్మాయి ఒప్పుకుంది. తప్పు ఆ అమ్మాయిది కాదు, అలా రాయమన్నవాళ్ళది. పొందూరు నేతగాళ్ళ పేరు మీద మిల్లు గుడ్డ అమ్మకూడదు. స్తంభం అతుకు మీద ఏడాది చెక్కి పెట్టినవాళ్ళు అల్మరా మీద నిజం రాయలేరా?

వంటింటి అల్మరాల విభాగంలో ప్రతి ఒక్కరూ ఒక ప్రశ్న అడగాలి. ప్రదర్శనలో ఉన్న పెట్టె తలుపులకు మెరిసే పొర అతికించారు గాని, అంచు దగ్గర పొర లేచిన చోట చూస్తే లోపల ఉన్నది చెక్కపొట్టు అట్ట. సింకు కింద ఆ అట్ట రెండు వానాకాలాలు ఆగదు. సముద్రం దగ్గరి జిల్లాలు మనవి, గాలిలోనే తేమ ఉంటుంది. సింకు చుట్టూ భారతీయ ప్రమాణం ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్, తక్కిన చోట్ల కనీసం ఐఎస్ 303లో తేమను తట్టుకునే రకం కావాలని అడిగితే, ఆ ధర వేరే చెబుతారు. ముద్ర ప్రతి పలక మీదా ఉంటుంది, బిగించక ముందే చూసుకోవాలి. “నీళ్ళు తగిలినా ఏం కాదండీ” అన్న మాటను రసీదు మీద రాయమంటే అక్కడ ఎవరూ రాయలేదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టినది పెరటి వైపు పొడుగు గది. పాత తలుపులు, ద్వారబంధాలు, స్తంభాలు, కిటికీ కమ్మీలు అక్కడ అమ్ముతారు. గోడకు ఆనించి వరసగా నిలబెట్టిన ఒక ద్వారబంధం మీద ఇంకా పసుపు, కుంకుమ బొట్లు ఉన్నాయి. ఏ ఇంటి ఇల్లాలో శుక్రవారం శుక్రవారం పెట్టిన బొట్లు అవి. ఎక్కడిదని అడిగితే “శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిందండి” అన్నారు, అంతకు మించి చెప్పలేకపోయారు. కూలిపోయిన ఇంటి చెక్క కట్టెల మిల్లుకు పోవడం కన్నా ఇంకో ఇంటికి చేరడం మంచిదే, ఆ వాదన నాకు తెలుసు. అయితే తలుపుకు మంచి ధర పలుకుతున్నదని తెలిశాక, తలుపు కోసమే ఇల్లు ఊడదీసే దళారులు మా ఊరి చుట్టుపక్కలే తిరుగుతున్నారు. మా ఇంటికి కూడా ఇద్దరు వచ్చి మండువా స్తంభాలకు బేరం పెట్టారు. ప్రతి వస్తువు మీదా అది ఏ ఊరిది, ఆ ఇల్లు ఎందుకు పడిపోయింది, ఎప్పుడు తీశారు అన్నది రాసి పెట్టడం ఈ సంస్థకు కష్టం కాదు. తమ స్తంభానికి పెట్టినలాంటి ఇత్తడి బిళ్ళే దీనికీ చాలు. అలా రాయలేని వస్తువును కొనకుండా ఉంటే ఇంకా మంచిది. నేను ఆ గదిలో ఏమీ కొనలేదు, మీరు కూడా అడగకుండా కొనవద్దని కోరుతున్నాను.

సలహా సేవ గురించి చెప్పాలి. మొదటి నమూనాకు 5,000 రూపాయలు తీసుకుంటారు, పని వాళ్ళకే ఇస్తే బిల్లులో తగ్గిస్తారు. పది రోజుల్లో ఇస్తామన్నది మూడు వారాలు పట్టింది. వచ్చిన రంగుల బొమ్మ కంటికి ఇంపుగా ఉంది గాని, అందులో మా వీధి అరుగు లేదు. ఆ చోట అద్దాల గోడ, దాని ముందు కుండీలు! గీసిన అమ్మాయి చాలా చిన్నది, చదువుకుని కొత్తగా చేరింది. “అమ్మా, మీరు పని చేస్తున్న ఈ ఇంటికి అరుగు ఉంది కదా, మా ఇంటికి ఎందుకు తీసేశారు?” అని అడిగితే మొదట తడబడినా, తరవాత మాతో పాటు వీధిలోకి వచ్చి అరుగు మీద కూర్చుని, మా అమ్మ చెప్పినదంతా విని రాసుకుంది. ధాన్యం బస్తాలు ఎక్కడ దించేవారు, బాలింత గది ఏది, వేసంగిలో మంచాలు ఎటు వేసుకునేవారు, అన్నీ అడిగింది. రెండో నమూనాలో అరుగు తిరిగి వచ్చింది. అటక కింద చీకటి గదిని స్నానాల గదిగా మార్చి, ఆ తడి సున్నపు గోడకు తగలకుండా విడిగా చిన్న గోడ లేపే ఆలోచన కూడా ఆ అమ్మాయిదే. ఆ ఆలోచన నిజంగా బాగుంది. వెళ్ళేవాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళను వెంట తీసుకుని వెళ్ళండి, నమూనా అప్పుడే సరిగ్గా వస్తుంది.

చిన్న విషయాలు కొన్ని. కారు నిలపడానికి చోటు లేదు, ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి ఆటోలో రావడం మేలు. పైడితల్లి సిరిమాను పండుగ రోజుల్లో ఆ చుట్టుపక్కలకు బండి రాదు కనుక అప్పుడు పెట్టుకోవద్దు. మేడ మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉన్నాయి, పట్టుకోవడానికి ఒకవైపే కమ్మీ ఉంది, మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళకు కష్టం. ఏమీ కొనకపోయినా ఇల్లంతా తిరిగి చూడనిస్తారు, ఫొటోలు తీసుకోనిస్తారు, మంచినీళ్ళు ఇస్తారు, ఎవరూ వెంటపడరు.

మా ఇంటి సున్నం పనికి ఆ మేస్త్రి గారినే ఒప్పించాం, వంటింటి అల్మరాలు వేరేచోట చేయిస్తున్నాం. ఆయన చెప్పినట్టే నడుము ఎత్తు సిమెంటు అంతా ఉలితో మెల్లగా ఊడదీయించాం. ఇటుకల్లోంచి మొదటి వారం రోజులూ పాత నూతి వాసన వచ్చింది. ఇప్పుడు గోడ పై నుంచి కిందికి రంగు మారుతూ ఆరుతోంది. ఇంకా మోకాలి కింద ముదురుగానే ఉంది. పెరట్లో జామచెట్టు పక్కన గొయ్యి తవ్వి సున్నం నానవేసి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. రోజూ పొద్దున్నే మా అమ్మ వెళ్ళి, పైన నాలుగు వేళ్ళ లోతున నీళ్ళు ఉన్నాయో లేదో చూసి, తగ్గితే ఓ చెంబుడు పోసి వస్తోంది.